మెథడ్ పాయింటర్‌కు రెండు భాగాలు; ఒకటి పోల్చి వదిలేస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో పాస్కల్ ప్రోగ్రామింగ్ భాష మీద వస్తున్న పాఠాల్లో, ఈవెంట్ల గురించి చెప్పిన భాగంలో ఒక మాట సరిదిద్దాలి. రెండు ఈవెంట్లకు (బటన్ నొక్కడం లాంటి సంఘటనలకు) ఒకే హ్యాండ్లర్ (అప్పుడు నడిచే కోడ్) తగిలించి ఉందో లేదో తేల్చుకోవాలంటే మధ్యలో సమానం గుర్తు పెడితే సరిపోతుందన్నట్టు అందులో రాశారు. సరిపోదు. ఏ కంపైలర్ (మన కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్), ఏ మోడ్ (ఏ రకం పాస్కల్ నియమాలు) అన్నదాన్ని బట్టి ఆ గుర్తుకు అర్థం మారుతుంది. పాఠం రాసినవారిని తప్పుబట్టడానికి లేదు. ఫ్రీ పాస్కల్ అనే కంపైలర్‌తో వచ్చే డాక్యుమెంటేషన్‌లోనే ఈ సంగతి ఒకచోట కుదురుగా దొరకదు. అందుకే ఈ ఉత్తరంలో ముందు సవరణ, తర్వాత ఆ డాక్యుమెంటేషన్‌ను బాగుచేసే దారి రాస్తున్నాం. పత్రికలో అచ్చుకు వీలుగా కోడ్‌ను కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మామూలు ప్రొసీజర్ పాయింటర్‌లో ఉండేది ఒక్క అడ్రస్, కోడ్ ఎక్కడుందో చెప్పేది. టైప్ డిక్లరేషన్ చివర 'ఆఫ్ ఆబ్జెక్ట్' చేర్చామంటే అది మెథడ్ (ఆబ్జెక్ట్‌కు చెందిన ప్రొసీజర్) పాయింటర్ అవుతుంది, అందులో అడ్రస్‌లు రెండు. ఒకటి మెథడ్ కోడ్‌ది, రెండోది ఏ ఆబ్జెక్ట్ మీద ఆ మెథడ్ నడవాలో దానిది, అంటే మెథడ్ లోపల 'సెల్ఫ్' అయ్యేది. 64 బిట్ మెషీన్‌లో 'టీనోటిఫైఈవెంట్' (ఈవెంట్లకు వాడే ఒక మెథడ్ పాయింటర్ టైప్) వేరియబుల్ మీద సైజ్ఆఫ్, అంటే ఎన్ని బైట్లో, అడిగితే 16 వస్తుంది, మామూలు ప్రొసీజర్ పాయింటర్‌కు 8. 32 బిట్‌లో 8, 4. ఈ రెండు భాగాలను విడదీసి చూడటానికే సిస్టమ్ యూనిట్‌లో (యూనిట్ అంటే ఒక కోడ్ ఫైల్) 'టీమెథడ్' అనే రికార్డ్ ఉంది. దాని ఫీల్డ్‌లు కోడ్, డేటా. డెల్ఫీ అనే పాస్కల్ సాధనం 1995లో ఈవెంట్లను ఈ అమరికతోనే తెచ్చింది, ఫ్రీ పాస్కల్, దానితో ప్రోగ్రామ్‌లు రాయడానికి వాడే లాజరస్ దాన్నే పాటిస్తున్నాయి.

బస్టాండ్‌లో 'కడప' అన్న బోర్డు చూసి ఎక్కితే కడపకే పోతాం గానీ, మన సామాను ఉన్న బస్సేనా అని తేలాలంటే బండి నంబరు కూడా చూడాలి. కోడ్ అనేది బోర్డు, డేటా అనేది బండి నంబరు.

ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆదోని మార్కెట్ యార్డు లాంటి చోట పత్తి తూకానికి రెండు ఎలక్ట్రానిక్ కాటాలు ఉన్నాయనుకోండి. ప్రోగ్రామ్‌లో 'టీకాటాప్యానెల్' అనే ఒకే క్లాస్, దానికి కాటా1, కాటా2 అని రెండు ఆబ్జెక్ట్‌లు. బరువు మారినప్పుడల్లా కబురు అందుకోవడానికి రెండూ తమ 'బరువుమారింది' మెథడ్‌ను ఒక లిస్ట్‌లో చేర్చుకున్నాయి. కాటా2 ప్యానెల్ మూసేశారు. మూసేటప్పుడు అది లిస్ట్‌లోంచి తన పేరు తీసేయమంటుంది. తీసేసే ఫంక్షన్ కోడ్ భాగం ఒక్కటే పోలిస్తే ఏమవుతుంది? క్లాస్ ఒకటే కాబట్టి రెండు ఎంట్రీల కోడ్ అడ్రస్ ఒకటే. పైనుంచి వెతికితే మొదట తగిలేది కాటా1, పోయేది కూడా అదే. అప్పటినుంచి కాటా1 తెరమీద బరువు మారదు. మెమరీలోంచి ఫ్రీ అయిపోయిన కాటా2 మాత్రం లిస్ట్‌లో మిగిలిపోతుంది. తర్వాతి కబురు దానికి వెళ్ళినప్పుడు ప్రోగ్రామ్ రన్‌టైమ్ ఎర్రర్ 216తో ఆగొచ్చు. సిస్‌యూటిల్స్ యూనిట్ కలిపి ఉంటే అదే యాక్సెస్ వయొలేషన్‌గా కనిపిస్తుంది. ఆగకపోతే ఇంకా చెడ్డది. ఫ్రీ చేసిన మెమరీ వెంటనే మాయమైపోదు గనక పాత విలువలతోనే కొంతసేపు నడిచి, ఇంకెక్కడో, సంబంధం లేని చోట చెడుతుంది. తప్పు పోలికలో ఉందని ఎవరికీ తట్టదు, అందరూ కాటా కేబుల్ చూస్తారు.

ఇలాంటి అనుమానం వస్తే -జీహెచ్, -జీఎల్ ఆప్షన్లతో కంపైల్ చేయండి. మొదటిది హీప్ (ఆబ్జెక్ట్‌లు ఉండే మెమరీ) మీద కాపలా పెడుతుంది, రెండోది లైన్ నంబర్లు చూపిస్తుంది.

ఇప్పుడు అసలు గందరగోళానికి వద్దాం. ఎ, బి అనే రెండు మెథడ్ వేరియబుల్స్ తీసుకుని 'ఇఫ్ ఎ = బి' అని రాస్తే ఏం జరుగుతుంది? డెల్ఫీలో వేరియబుల్ పేరు ఒంటరిగా కనిపిస్తే దాన్ని కాల్ చేయమన్నట్టు లెక్క. టీనోటిఫైఈవెంట్‌కు 'సెండర్' అనే ఆర్గ్యుమెంట్ కావాలి కాబట్టి ఆర్గ్యుమెంట్లు చాలలేదని కంపైలర్ ఆపేస్తుంది. ఇది అదృష్టం. అదే ఆర్గ్యుమెంట్లేవీ లేకుండా బూలియన్ ఇచ్చే ఫంక్షన్ టైప్ అయితే ఆ అదృష్టం ఉండదు. రెండు ఫంక్షన్లూ నడుస్తాయి, అవి ఇచ్చిన ట్రూ, ఫాల్స్ విలువలు పోలుతాయి, కంపైలర్ నోరెత్తదు. పోలిక కోసం రాసిన లైన్ రెండు పనులు చేసేసి కూర్చుంటుంది. ఫ్రీ పాస్కల్ సొంత మోడ్ అయిన ఆబ్జ్‌ఎఫ్‌పీసీ మోడ్‌లో మాత్రం పేరు ఒంటరిగా ఉంటే అది విలువే, కాల్ చేయాలంటే ఖాళీ బ్రాకెట్లు పెట్టాలి. అక్కడ 'ఎ = బి' నిజంగానే పోలిక అవుతుంది. అయితే ఆ పోలిక కోడ్ ఒక్కదానికా, రెండింటికా అన్నది అన్ని కంపైలర్లలో, అన్ని వెర్షన్లలో ఒకేలా ఉంటుందని నమ్మి కోడ్ రాయకూడదు.

దీనికి విరుగుడు అనుకుని చాలామంది రెండు వైపులా @ గుర్తు చేరుస్తారు. అది ఇంకో గుంట. డెల్ఫీలో, ఫ్రీ పాస్కల్ డెల్ఫీ మోడ్‌లో మెథడ్ వేరియబుల్ ముందు @ పెడితే లోపలున్న కోడ్ అడ్రస్ వస్తుంది, డేటా రాదు. అంటే '@ఎ = @బి' అంటే కోడ్ భాగాన్ని మాత్రమే పోల్చడం. పైన ఆదోని ఉదాహరణలో దెబ్బతిన్నది సరిగ్గా ఇలాగే. వేరియబుల్ సొంత అడ్రస్ కావాలంటే అక్కడ రెండు @ గుర్తులు పెట్టాలి. ఆబ్జ్‌ఎఫ్‌పీసీ మోడ్‌లో ఒక్క @ పెట్టినా వచ్చేది వేరియబుల్ సొంత అడ్రస్సే. రెండు వేరియబుల్స్ మెమరీలో ఒకేచోట ఉండవు కదా, కాబట్టి '@ఎ = @బి' ఎప్పుడూ ఫాల్సే. ఒకే లైన్ ఒక మోడ్‌లో ఎక్కువసార్లు ట్రూ చెప్తుంది, ఇంకో మోడ్‌లో ఎప్పటికీ చెప్పదు. లాజరస్ కొత్త యూనిట్‌లో పైన ఆబ్జ్‌ఎఫ్‌పీసీ మోడ్ రాసి పెడుతుంది. పాత డెల్ఫీ ప్రాజెక్ట్‌లోంచి తెచ్చిన యూనిట్‌లో డెల్ఫీ మోడ్ ఉంటుంది. ఒకే ప్రోగ్రామ్‌లో రెండూ పక్కపక్కనే ఉండటం మామూలే. ఒక యూనిట్‌లో పనిచేసిన లైన్‌ను కాపీ చేసి పక్క యూనిట్‌లో అతికిస్తే చెడటానికి కారణం ఇదే.

కాబట్టి ఏ మోడ్‌కూ లొంగని రాత ఒక్కటే. 'సేమ్‌మెథడ్' అని ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి. ఆర్గ్యుమెంట్లు రెండు, రెండూ టీమెథడ్ టైప్, కాన్‌స్ట్‌గా. లోపల ఒకే లైన్: రిజల్ట్ := (ఎ.కోడ్ = బి.కోడ్) అండ్ (ఎ.డేటా = బి.డేటా). పిలిచేటప్పుడు సేమ్‌మెథడ్(టీమెథడ్(ఎ), టీమెథడ్(బి)) అనాలి. ఈ టైప్‌కాస్ట్ (ఇంకో టైప్‌గా చూడమనే రాత) నేరుగా '@కాటా1.బరువుమారింది' మీద వేయబోతే కంపైలర్ ఒప్పుకోకపోవచ్చు. ముందు ఒక లోకల్ వేరియబుల్‌లోకి అసైన్ చేసి, దాన్ని కాస్ట్ చేయండి. బటన్ ఆన్‌క్లిక్ లాంటి ప్రాపర్టీకి కూడా అదే పద్ధతి మంచిది. ఒకే పేరుతో ఓవర్‌లోడ్ చేసిన మెథడ్‌లు ఉన్నప్పుడు దీనివల్ల ఇంకో లాభం ఉంది. వేరియబుల్ టైప్‌ను చూసి కంపైలర్ సరైన మెథడ్‌ను తానే ఎంచుకుంటుంది.

కంపేర్‌మెమ్‌తో 16 బైట్లు పోల్చేయొచ్చు కదా అని కొందరంటారు. పని జరుగుతుంది. కానీ 16 అని చేత్తో రాసిన రోజునే 32 బిట్ బిల్డ్ చెడుతుంది, చదివేవారికి ఉద్దేశమూ తెలియదు. పైగా ఫ్రీ పాస్కల్‌లో కోడ్ ఫీల్డ్ టైప్ మామూలు పాయింటర్ కాదు, 'కోడ్‌పాయింటర్'. పాత 16 బిట్ ఇంటెల్ లాంటి టార్గెట్లలో కోడ్ అడ్రస్, డేటా అడ్రస్ సైజులు వేరువేరుగా ఉండే అవకాశం ఉంది గనక ఆ ఏర్పాటు. ఫీల్డ్‌ల పేర్లతో పోల్చడమే నిక్కం.

రెండు భాగాలూ పోల్చాక కూడా మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి.

వర్చువల్ మెథడ్‌లు (వారస క్లాస్ తన సొంత రూపంతో ఓవర్‌రైడ్ చేయగలిగేవి) మొదటిది. '@కాటా1.బరువుమారింది' అని తీసుకుంటే, ఆ ఆబ్జెక్ట్ నిజంగా ఏ క్లాస్‌దో చూసి, వర్చువల్ మెథడ్ టేబుల్‌లోంచి అడ్రస్ వస్తుంది. వారసత్వపు క్లాస్‌లో ఓవర్‌రైడ్ చేసి ఉంటే ఆ కొత్త అడ్రస్సే వస్తుంది. అదే క్లాస్ పేరుతో '@టీకాటాప్యానెల్.బరువుమారింది' అని తీసుకుంటే కంపైల్ సమయంలోనే తేలిన బేస్ క్లాస్ అడ్రస్. ఈ రెండింటినీ పోల్చి ఇది మన హ్యాండ్లరేనా అని అడిగితే, ఓవర్‌రైడ్ చేసిన ప్రతి ఆబ్జెక్ట్‌కూ కాదనే జవాబు వస్తుంది. పోల్చే రెండు వైపులా ఆబ్జెక్ట్ ద్వారానే తీసుకోవాలి. క్లాస్ మెథడ్ అయితే డేటాలో ఆబ్జెక్ట్ ఉండదు, క్లాస్ రెఫరెన్స్ ఉంటుంది. దాన్ని టీఆబ్జెక్ట్‌గా కాస్ట్ చేసి పేరు అడగబోతే కుప్పకూలుతుంది.

రెండోది అన్నిటికన్నా కంట్లో పడనిది. కాటా2ను ఫ్రీ చేశారు, లిస్ట్‌లోంచి తీయడం మరిచారు. తర్వాత అదే క్లాస్‌తో కాటా3ను సృష్టించారు. సైజు ఒకటే గనక మెమరీ మేనేజర్ అదే చోటును మళ్ళీ ఇచ్చే అవకాశం బాగా ఎక్కువ. అప్పుడు కోడ్ కలుస్తుంది, డేటా కూడా కలుస్తుంది. సేమ్‌మెథడ్ ట్రూ అంటుంది. అది అబద్ధం చెప్పలేదు, అడ్రస్‌లు నిజంగానే ఒకటి, మారింది మనిషి. ఎవరో ముందే చేరారనుకుని లిస్ట్ కాటా3ను చేర్చుకోదు, పాత ఎంట్రీతోనే అంతా సవ్యంగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. పోలికను ఎంత పదును పెట్టినా దీనికి మందు లేదు. చేరిన ప్రతి ఆబ్జెక్ట్ తన డిస్ట్రక్టర్‌లో (ఫ్రీ అయ్యేటప్పుడు నడిచే మెథడ్‌లో) లిస్ట్‌లోంచి వైదొలగాలి. టీకాంపోనెంట్ వారసులైతే ఫ్రీనోటిఫికేషన్ వాడుకోవచ్చు. కబురు పంపే లూప్ మధ్యలోనే ఎవరైనా వైదొలగొచ్చు కాబట్టి లిస్ట్‌ను చివరినుంచి మొదటికి నడపాలి.

నిల్ (ఖాళీ అడ్రస్) సంగతి చిన్నదే. 'అసైన్డ్' ఫంక్షన్ మెథడ్ పాయింటర్‌లో కోడ్ భాగాన్ని మాత్రమే చూస్తుంది. వేరియబుల్‌కు నిల్ అసైన్ చేస్తే రెండు భాగాలూ ఖాళీ అవుతాయి గనక ఇబ్బంది లేదు. కానీ ఎవరైనా టీమెథడ్(ఎ).కోడ్ ఒక్కదాన్నే నిల్ చేసి వదిలేస్తే, డేటాలో పాత అడ్రస్ మిగులుతుంది. అలాంటి వేరియబుల్‌ను పూర్తిగా నిల్ అయిన ఇంకోదానితో పోలిస్తే, అసైన్డ్ లెక్కలో రెండూ ఖాళీయే, సేమ్‌మెథడ్ లెక్కలో రెండూ వేరు.

ఇక 'రిఫరెన్స్ టు' టైప్‌తో వచ్చే అనానిమస్ మెథడ్‌లకు ఈ ఉత్తరంలోని మాటలేవీ వర్తించవు. అవి లోపల ఇంటర్‌ఫేస్‌లు, వాటి మీద టీమెథడ్ కాస్ట్ వేయకూడదు. తీసేయాల్సి వస్తుందనుకుంటే చేర్చేటప్పుడే ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరుతో తీసేయడం మేలు.

అడ్రస్‌లను ఫైల్‌లో రాసి రేపు పోల్చుకుందామనే ఆలోచన కూడా వద్దు. ప్రోగ్రామ్ మళ్ళీ మొదలైతే అడ్రస్‌లు మారతాయి. ఫారమ్ ఫైల్‌లో లాజరస్ రాసేది హ్యాండ్లర్ పేరు, తెరిచేటప్పుడు మెథడ్‌అడ్రస్ ఫంక్షన్‌తో ఆ పేరుకు అడ్రస్ వెతుక్కుంటుంది. అడ్రస్‌నుంచి పేరు కావాలంటే మెథడ్‌నేమ్. రెండూ పబ్లిష్డ్ విభాగంలో ఉన్న మెథడ్‌లకే పనిచేస్తాయి.

ఇంత సంగతి ఉంటే డాక్యుమెంటేషన్‌లో ఎందుకు దొరకదని విద్యార్థులు అడుగుతారు. ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. ప్రొసీజరల్ టైప్‌ల గురించి ఒకచోట, @ ఆపరేటర్ గురించి ఇంకోచోట, మోడ్‌ల తేడాలు ఇంకో పుస్తకంలో, టీమెథడ్ రికార్డ్ వేరేచోట. నాలుగూ కలిపి చదివినవారికే పోలిక అర్థమవుతుంది. మా అభిప్రాయంలో కొత్త అధ్యాయం రాయడం కన్నా, టీమెథడ్ పేజీలో పోలిక గురించి ఒక పేరా చేర్చి మిగతావాటికి లింకులు ఇస్తే ఎక్కువ ఉపయోగం. వెతికేవారు మొదట చేరేది ఆ పేజీకే.

ఇది ఎవరైనా చేయగలిగిన పని. ఫ్రీ పాస్కల్ డాక్యుమెంటేషన్ సోర్స్ అందరికీ తెరిచే ఉంది. 2021 నుంచి కంపైలర్, డాక్యుమెంటేషన్ రెండూ గిట్‌ల్యాబ్ అనే కోడ్ సైట్‌లో ఉన్నాయి. భాషను వివరించే రిఫరెన్స్ గైడ్ లేటెక్ అనే అచ్చు కూర్పు భాషలో రాసింది. సిస్టమ్, సిస్‌యూటిల్స్ లాంటి యూనిట్ల వివరణ ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళలో ఉంటుంది, ఎఫ్‌పీడాక్ అనే ప్రోగ్రామ్ వాటినుంచి పేజీలు తయారుచేస్తుంది. ప్రతి టైప్‌కూ, ఫంక్షన్‌కూ, ఫీల్డ్‌కూ ఒక 'ఎలిమెంట్' ఉంటుంది. దాని లోపల 'షార్ట్' అంటే ఒక్క లైన్ పరిచయం, 'డిస్క్ర్' (డిస్క్రిప్షన్‌కు పొట్టి రూపం) అంటే పూర్తి వివరణ, 'ఎర్రర్స్' అంటే ఎప్పుడు ఏ తప్పు వస్తుందో, 'సీఆల్సో' అంటే లింకులు. సొంత యూనిట్‌కు ఖాళీ చట్రం కావాలంటే మేక్‌స్కెల్ ప్రోగ్రామ్ సోర్స్ చదివి తయారుచేసి ఇస్తుంది. లాజరస్‌లో వ్యూ మెనూ కింద ఎఫ్‌పీడాక్ ఎడిటర్ కూడా ఉంది, ఎక్స్‌ఎంఎల్ చేత్తో తాకనవసరం లేదు.

చేత్తో రాసేవారు ఒకచోట తప్పకుండా తగులుకుంటారు. పాస్కల్‌లో 'సమానం కాదు' అన్న గుర్తు రెండు కోణపు బ్రాకెట్లు. ఎక్స్‌ఎంఎల్‌లో దాన్ని ఉన్నదున్నట్టు రాస్తే ట్యాగ్ అనుకుని ఫైల్ మొత్తం చదవడం ఆగిపోతుంది, ఎస్కేప్ చేసి, అంటే బదులు సంకేతాలతో, రాయాలి. లేటెక్ వైపు ఇబ్బంది డాలర్ గుర్తుతో. మోడ్ డైరెక్టివ్‌లన్నీ డాలర్‌తోనే మొదలవుతాయి, లేటెక్ దాన్ని గణితం అనుకుంటుంది. కోడ్‌ను వెర్బటిమ్ బ్లాక్‌లో పెడితే సరి.

పంపే పేరాకు పక్కన నడిచే ఉదాహరణ ప్రోగ్రామ్ తప్పనిసరిగా ఉండాలి. ఉదాహరణ లేని సవరణను సరిచూడాలంటే చూసేవారే ప్రోగ్రామ్ రాసుకోవాలి, అందుకే అవి నెలలు మూలుగుతాయి. ఉదాహరణ ఇలా ఉంటే చాలు: ఒక క్లాస్, అందులో ఒక వర్చువల్ మెథడ్, దాన్ని ఓవర్‌రైడ్ చేసిన వారస క్లాస్ ఒకటి, మొదటి క్లాస్‌తో రెండు ఆబ్జెక్ట్‌లు, రెండో క్లాస్‌తో ఒకటి. ఎ, సి వేరియబుల్స్‌లో మొదటి ఆబ్జెక్ట్ మెథడ్, బిలో రెండో ఆబ్జెక్ట్‌ది, డిలో మూడోదానిది. అసైన్ చేసేటప్పుడు @ పెట్టే రాయండి, అది రెండు మోడ్‌లలోనూ చెల్లుతుంది. ఎ, సి పోలిస్తే కోడ్, డేటా రెండూ కలవాలి. ఎ, బి పోలిస్తే కోడ్ కలవాలి, డేటా కలవకూడదు. ఎ, డి పోలిస్తే ఏదీ కలవకూడదు. ఈ మూడు జతలకూ సేమ్‌మెథడ్ జవాబును, '@' పెట్టిన పోలిక జవాబును పక్కపక్కన ప్రింట్ చేయాలి. ప్రోగ్రామ్‌ను -ఎం డెల్ఫీతో ఒకసారి, -ఎం ఆబ్జ్‌ఎఫ్‌పీసీతో ఒకసారి కంపైల్ చేయాలి. సోర్స్ ఫైల్‌లో మోడ్ డైరెక్టివ్ రాయకూడదు, రాస్తే కమాండ్ లైన్‌లో ఇచ్చిన మోడ్ చెల్లదు. డెల్ఫీ మోడ్‌లో '@' వరుస ట్రూ, ట్రూ, ఫాల్స్ వస్తుంది. ఆబ్జ్‌ఎఫ్‌పీసీలో మూడూ ఫాల్స్. సేమ్‌మెథడ్ రెండు మోడ్‌లలోనూ ట్రూ, ఫాల్స్, ఫాల్స్. ఈ పట్టికే పేరాలో సగం పని చేస్తుంది.

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లోని ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి సంవత్సరం మినీ ప్రాజెక్టుగా ఇలాంటి పేజీలు ఐదారు ఇవ్వొచ్చు. ఎవరూ వాడని ఇంకో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ రాయించడం కన్నా ఇది మేలని మేమనుకుంటాం. తెలుగులో కూడా రాయించదలిస్తే రెండు జాగ్రత్తలు. పీడీఎఫ్ తయారీకి మామూలు పీడీఎఫ్‌లేటెక్ పనికిరాదు, ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి; జీలేటెక్‌గానీ లువాలేటెక్‌గానీ వాడి నోటో సెరిఫ్ తెలుగు లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టాలి. ఉదాహరణ ప్రోగ్రామ్‌లో తెలుగు వాక్యాలు ప్రింట్ చేయదలిస్తే ఫైల్‌ను యూటీఎఫ్-8గా సేవ్ చేసి, పైన కోడ్‌పేజ్ డైరెక్టివ్‌లో కూడా అదే చెప్పాలి. వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులో పెడితే కంపైలర్ ఒప్పుకోదు.

మీరు సవరణ వేయదలిస్తే పాఠంలోని ఆ వాక్యం స్థానంలో ఇలా ఉంటే సరిపోతుంది: రెండు ఈవెంట్ల హ్యాండ్లర్ ఒకటేనా అని చూడాలంటే రెండింటినీ టీమెథడ్‌గా కాస్ట్ చేసి, కోడ్‌నూ డేటానూ విడివిడిగా పోల్చాలి, ఒకే క్లాస్‌లోని రెండు ఆబ్జెక్ట్‌లకు కోడ్ ఎప్పుడూ ఒకటే. దానికింద పై పట్టిక వేస్తే విద్యార్థులు ఇంట్లో నడిపి సరిచూసుకుంటారు.

ఇట్లు,
ప్రోగ్రామింగ్ బోధకులు కొందరు,
అనంతపురం